లోపలికి పంపమన్నది ఎవరు

చనిపోయిన మనిషి దగ్గర్నుంచి మా డెస్కుకు ఒక ఫిర్యాదు వచ్చింది. "మీరు పెట్టిన ఫోటో నాది. నేను బతికే ఉన్నాను. దయచేసి తీసేయండి." అంతే రాసింది. కింద ఒక ఫోటో జతచేసింది. మెడలో ఆఫీసు బ్యాడ్జీ, వెనక గచ్చిబౌలి ఫ్లైఓవర్. మొహం మాత్రం అదే. ఆ వారమంతా అందరి ఫోన్లలోనూ హత్యకు గురైన అమ్మాయి అంటూ తిరుగుతున్న మొహం.

నేను ఒక పత్రికలో జుట్టు నెరిసేదాకా సబ్ ఎడిటర్‌గా పనిచేశాను. పేజీలు తగ్గించుకుంటూ వచ్చిన ఆ పత్రిక చివరికి మమ్మల్ని కూడా తగ్గించుకుంది. రిటైరయ్యే ముందు మిగిలిన కాలం హైటెక్ సిటీలో ఒక కంపెనీలో గడిపాను. అక్కడ నా పనేమిటో మా బంధువులకు చివరిదాకా అర్థం కాలేదు. జనం ఇంటర్నెట్‌లో దేని గురించి ఎక్కువగా వెతుకుతున్నారో ఒక తెర మీద గీతలుగా కనిపిస్తుంది. ఏదైనా గీత ఉన్నట్టుండి పైకి లేస్తే, ఎందుకు లేచిందో కనుక్కుని, ఆ విషయం పక్కన చిన్న పెట్టెలో ఒక ఫోటో పెట్టి, రెండు వాక్యాలు తెలుగులో రాయాలి. "అంటే ఊళ్లో ఎవరేం చెవులు కొరుక్కుంటున్నారో వినడమా?" అని మా వదిన అడిగింది. ఇంచుమించు అదే. కాకపోతే దానికి ఏసీ, మెడలో బ్యాడ్జీ, నెలనెలా జీతం ఉంటాయి.

ఇప్పుడు ఆ కుర్చీల్లో కూర్చున్న పిల్లల కోసం ఇది రాస్తున్నాను. గీత ఎందుకు లేచిందో చెప్పడం తేలిక. జనం దాన్ని ఎందుకు వదలడం లేదో చెప్పడం కష్టం. నేను ఈ రెండూ ఒకటే అనుకునేదాన్ని.

మణికొండలో ఒక అపార్ట్‌మెంట్‌లో ఒంటరిగా ఉంటున్న అమ్మాయిని ఒకడు ఆమె ఫ్లాట్‌లోనే, పట్టపగలు చంపేశాడు. వెనకటి ఆఫీసులో ఆమెతో పనిచేసినవాడు, చాన్నాళ్లుగా వెంటపడుతున్నవాడు. పారిపోతుంటే దొరికాడు, ఒప్పుకున్నాడు. చెప్పడానికి బాధగా ఉంది కానీ, మా తెర మీద అలాంటి గీతలు తరచూ లేచేవి. పొద్దున లేచినది మర్నాటికి పడుకునేది. ఏ హీరో పెళ్లి కబురో, క్రికెట్ మ్యాచో వచ్చేసరికి జనం అటు తిరిగిపోయేవారు.

ఇది మాత్రం పడుకోలేదు. మా టీమ్ లీడ్ కరీంనగర్ వైపు అమ్మాయి. వయసులో నా కూతురికన్నా చిన్నది, హోదాలో నాకన్నా పెద్దది. తెర దగ్గర నిలబడి నన్ను పిలిచింది.

"మేడం, జర ఇటు రండి. ఇదేంది, మళ్ల లేస్తున్నది? కొత్త వార్త ఏం లేదు గదా."

కొత్త వార్త కాదు గాని, ఒక కొత్త మాట వచ్చింది. ఎవరో అధికారి ఛానళ్లతో మాట్లాడుతూ, గేటు యాప్‌లో ఫ్లాట్ నుంచి అనుమతి వచ్చాకే గార్డు ఆ మనిషిని లోపలికి పంపాడని అన్నాడు. ఈ యాప్ సంగతి మన ఐటీ కారిడార్లో ఉండేవాళ్లకు చెప్పక్కర్లేదు. మిగతావాళ్ల కోసం చెబుతాను. ఎవరైనా వస్తే గార్డు తన దగ్గరున్న ట్యాబ్‌లో ఫ్లాట్ నంబరు కొడతాడు, వచ్చినవాళ్ల ఫోటో తీస్తాడు. ఆ ఫ్లాట్‌లో ఉండేవాళ్ల ఫోన్ మోగుతుంది. లోపలికి పంపాలా, వద్దా అని అడుగుతుంది. వేలితో ఒక నొక్కు నొక్కితే గేటు తెరుచుకుంటుంది.

అంటే వాణ్ణి ఆమే లోపలికి రానిచ్చిందన్నమాట. ఇక అందరూ అదే పట్టుకున్నారు. తెలియనివాణ్ణి ఎవరైనా రానిస్తారా, ఏదో ఉండే ఉంటుంది అన్నారు. మేమైతే ఎవరొచ్చినా గార్డుతో మాట్లాడి గాని పంపం అన్నారు. ఆడపిల్లలు ఎన్ని జాగ్రత్తలు తీసుకోవాలో చెబుతూ ఒకాయన పెద్ద వీడియో చేశాడు. చనిపోయిన పిల్లను ఎంత మర్యాదగా తిట్టవచ్చో ఆ వీడియోలో చూశాను. ఆ రోజు నేను కోపంతో అన్నం వదిలేసి లేచాను. మా నియమం ప్రకారం మూడు చోట్ల ఒకే మాట వస్తే మేము అది రాయవచ్చు. మూడు చోట్ల కాదు, అన్నిచోట్లా వచ్చింది. "హంతకుణ్ణి ఆమే లోపలికి అనుమతించినట్టు పోలీసులు చెప్పడంతో చర్చ జరుగుతోంది" అని మా పెట్టెలో రాశాం.

ఆ తర్వాత గీత ఇంకో రకంగా ప్రవర్తించడం మొదలుపెట్టింది. పొద్దుటి నుంచీ నిమ్మళంగా ఉండి, మధ్యాహ్నం భోజనాల వేళకు పైకి లేచేది. అదీ మా చుట్టుపక్కల ప్రాంతాల్లోనే. ఏం వెతుకుతున్నారా అని చూశాను. చనిపోయిన అమ్మాయి కనిపించింది అని వెతుకుతున్నారు. మెట్రోలో చూశామని ఒకరు, ఆఫీసు బస్సులో కిటికీ పక్కన కూర్చుందని ఒకరు రాశారు. చివరికి ఒక వీడియో వచ్చింది. ఏదో ఫుడ్ కోర్టులో వెనక నుంచి తీసింది. ఒకామె తల వంచుకుని జ్యూస్ తాగుతూ ఉంటుంది. ఉన్నట్టుండి వెనక్కి తిరిగి నేరుగా మనవైపు చూస్తుంది. మొహం అదే. తీస్తున్నవాడు "అమ్మో" అంటాడు, ఫోన్ కింద పడుతుంది.

ఆ ఫుడ్ కోర్టు మా బిల్డింగ్ కిందిదే. నేను రోజూ ఇడ్లీ తినే చోటు. ఆ రోజు నుంచి ఇడ్లీ పైకే తెప్పించుకున్నాను. అరవైకి దగ్గరపడ్డ మనిషిని, దయ్యాల కథలు ఎడిట్ చేసి నవ్వుకున్నదాన్ని. అయినా సరే లిఫ్టులో ఒక్కదాన్నే ఎక్కాలంటే ఎవరైనా వస్తారేమోనని ఆగేదాన్ని.

ఆ మర్నాడే ఆ ఫిర్యాదు వచ్చింది. ఎవరో ఆటపట్టిస్తున్నారంది లీడ్. అలాంటి ఆకతాయి ఉత్తరాలు అప్పటికే వచ్చి ఉన్నాయి. బ్యాడ్జీలో కంపెనీ పేరు చూసి నేను ఆగాను. అది మా పక్క టవరే. రమ్మని రాస్తే భోజనం వేళకు వచ్చింది.

గోదావరి జిల్లా పిల్ల. సన్నగా, నీరసంగా ఉంది. నేను నిలబడి చెయ్యి చాపాను. ఆమె చెయ్యి వెచ్చగా ఉంది. నేను ఎందుకు అంతసేపు పట్టుకున్నానో ఆమెకు అర్థమైంది.

"పర్వాలేదండి. అందరూ అలాగే చూస్తున్నారు. మా టీమ్‌లో ఒకామె గిల్లి కూడా చూసిందండి," అంది.

నెమ్మదిగా అంతా చెప్పింది. ఆమె లిఫ్టు ఎక్కితే లోపల ఉన్నవాళ్లు దిగిపోతున్నారు. బస్సు డ్రైవరు అద్దంలోంచి చూస్తూ బండి నడుపుతున్నాడు. ఎవరో ఆమె కీబోర్డు కింద నిమ్మకాయ పెట్టారు. ఊరి నుంచి వాళ్లమ్మ గంటగంటకూ ఫోన్ చేసి "ఏదో ఒకటి మాట్లాడవే, మాట్లాడుతూనే ఉండు" అంటోంది. ఇంత చదువుకున్నవాళ్లు, ఇన్ని కంప్యూటర్ల మధ్య బతికేవాళ్లు నిమ్మకాయ పెట్టడమేమిటని నాకు నవ్వు రాబోయింది. ఆ పిల్ల మొహం చూసి ఊరుకున్నాను.

ఫోటో ఎలా మారిందో కూడా అప్పుడే తెలిసింది. మణికొండ ఫ్లాట్‌లో అంతకు ముందు అద్దెకున్నది ఈమే. ఆఫీసు దగ్గరే అయినా అద్దె భరించలేక బాచుపల్లికి మారింది. ఆ ఫ్లాట్‌లో చనిపోయిన అమ్మాయి దిగింది. గేటు యాప్‌లో పాత పేరు తీసి కొత్త పేరు పెట్టాల్సింది ఇంటి యజమాని. ఈమె అడిగితే సరే అన్నాడు, ఆ అమ్మాయి అడిగినా సరే అన్నాడు. ఎవరి పేరూ మార్చలేదు. హత్య జరిగిన రోజు విలేకరులు గేటు దగ్గర మూగితే, డ్యూటీ మారి కొత్తగా వచ్చిన గార్డు ట్యాబ్‌లో ఆ ఫ్లాట్ నంబరు కొట్టి, వచ్చిన మొహాన్ని చూపించాడు. వాళ్లు దాన్నే ఫోటో తీసుకుని వెళ్లిపోయారు. చనిపోయిన అమ్మాయి స్నేహితులు అసలు ఫోటో పెడితే, ఎవరిదో ఫోటో పెట్టి మోసం చేస్తున్నారని జనం వాళ్లనే తిట్టారు.

ఆ సాయంత్రానికల్లా మా దగ్గర ఉన్న ఫోటో తీయించాను. మిగతావాళ్లకు రాశాం. కొందరు తీశారు, కొందరు చూడనే లేదు. గీత మాత్రం మధ్యాహ్నం పూట లేస్తూనే ఉంది. ఆమె మా కింది ఫుడ్ కోర్టుకు భోజనానికి వచ్చిందంటే నాకు మా అంతస్తులో తెర చూస్తేనే తెలిసిపోయేది. ఆమె తిని వెళ్లిపోయాక అది మెల్లగా కిందికి వాలేది. ఒక మనిషి అన్నం తింటుంటే ఇంతమంది ఆమె చచ్చిపోయిందా లేదా అని వెతుక్కుంటున్నారు. నేను అది చూస్తూ కూర్చునేదాన్ని. ఆమె ఒక్కతే తినలేకపోతోందని తెలిసి, నేనూ నా డబ్బా తీసుకుని కిందికి దిగడం మొదలుపెట్టాను.

అలా తింటూ ఉన్న ఒకరోజు ఆమె చెంచా కింద పెట్టి, "మీకొకటి చెప్పాలండి. రాయకండి," అంది.

"బయటికి రానిది మేము రాయం. అది మా నియమం," అన్నాను.

"ఆ అమ్మాయి రానివ్వలేదండి. నేను రానిచ్చాను."

నాకు ముందు అర్థం కాలేదు. ఆమె తన ఫోన్ తీసి చూపించింది. బాచుపల్లిలోనూ అదే యాప్. యజమాని పాత ఫ్లాట్ తీసేయకపోవడంతో ఆమె ఫోన్లో రెండు ఇళ్లూ ఉన్నాయి. రెండు గేట్ల దగ్గర్నుంచి వచ్చే కబురూ ఒకేలా మోగుతుంది, ఒకేలా కనిపిస్తుంది. ఆ రోజు ఆమె మీటింగ్‌లో ఉంది. ఫోన్ మోగింది. తనకు రావాల్సిన పార్సిల్ అనుకుంది. ఫోటో చూడలేదు, ఫ్లాట్ నంబరు చూడలేదు. పంపమని నొక్కేసి, మళ్లీ స్క్రీన్ వైపు తిరిగింది.

"ఆ రోజే కాదండి," అంది. "వెనక్కి వెళ్లి చూసుకున్నాను. ఆమె అక్కడ దిగినప్పటి నుంచీ నొక్కుతూనే ఉన్నాను. ఆమె కూరలు, మందులు, కొరియర్లు, అన్నీ నేనే పంపాను. ఆమెకు నేను తెలీదు. నాకు ఆమె తెలీదు."

నా చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. బాచుపల్లిలో కూర్చున్న మనిషి వేలితో మణికొండలో ఒక గేటు నెలల తరబడి తెరుచుకుంటూ వచ్చింది. ఆ గేటు వెనక ఉన్న పిల్ల, తన ఫోన్ మోగకపోయినా గార్డే చూసి పంపుతున్నాడు కదా అని నిశ్చింతగా పడుకుంది.

"పోలీసులకు చెప్పావా?"

"లేదండి. వాడు ఒప్పుకున్నాడు కదండి. ఎవరు నొక్కారని వాళ్లు నన్ను అడగలేదు." ఫోన్‌ను టేబుల్ మీద బోర్లా తిప్పి పెట్టింది. "చచ్చిపోయిన మొహం అంటేనే ఇంత చేస్తున్నారు. చంపినవాణ్ణి పంపిన మొహం అని తెలిస్తే ఏం చేస్తారండి?"

చెప్పు అనడానికి నోరు రాలేదు. చెప్పకు అనడానికీ రాలేదు. పైకి వెళ్లి తెర ముందు కూర్చుంటే మా పెట్టెలో ఆ వాక్యం కనిపించింది. హంతకుణ్ణి ఆమే లోపలికి అనుమతించినట్టు. నేనే దిద్దిన వాక్యం, ఒక్క అక్షరం తప్పు లేదు. ఆ ముక్క తీసేద్దామని లీడ్‌ను అడిగాను.

"ఎందుకు మేడం? తప్పా?"

"తప్పే. ఎలా తెలుసని అడగకు."

ఆమె కుర్చీ నావైపు తిప్పుకుంది. "మనకు తెలిసింది రాసేటందుకు గాదు మేడం మనం ఉన్నది. బయట ఉన్నది రాయాలె. మనం తీసేస్తే ఆ పెట్టె ఖాళీగ ఉండదు. మిషిన్ దానంతటదే నింపుతది. గది ఇంకా గలీజ్‌గ రాస్తది." కోపంగా అనలేదు, ఉన్నమాటే అంది.

జనం ఆ వార్తను ఎందుకు వదలడం లేదో ఆ రాత్రి ఇంట్లో అనుకోకుండా తెలిసింది. నేను టీవీ చూస్తూ ఉన్నాను. నా ఫోన్ మోగింది. మా గేటు. నొక్కాను. కాసేపటికి తలుపు దగ్గర కూరల సంచీ పెట్టి ఎవరో వెళ్లిపోయారు. అప్పుడు గుర్తొచ్చింది, నేను ఆ మనిషి ఫోటో చూడలేదని. అంతా తెలిసిన నేనే చూడలేదు. ఇంతమందీ ఆ పిల్ల చేసిన తప్పు ఏమిటో వెతుకుతున్నది అది తాము చెయ్యం అని చెప్పుకోవడానికే. ఆ తప్పు దొరికితే నిద్ర పడుతుంది. కాని ఆ పిల్ల ఏ తప్పూ చెయ్యలేదు. జరిగిన తప్పు మాత్రం అందరి వేళ్ల కిందా ఉంది. నేను లేచి తలుపు గొళ్లెం మళ్లీ చూసుకున్నాను.

తర్వాత ఒక మధ్యాహ్నం మేమిద్దరం పెరుగన్నం తింటున్నాం. టేబుల్ మీద ఉన్న ఆమె ఫోన్ మోగింది. ఇప్పుడు ఆమె చూడకుండా ఏదీ నొక్కడం లేదు. చూసింది. చూసి, ఫోన్‌ను నావైపు తోసి, రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుంది.

మణికొండ ఫ్లాట్. అది మూసేసి పోలీసులు తాళం వేసిన ఫ్లాట్. ఒక పెద్దావిడ ఫోటో ఉంది, ఎండకు కొంగు తల మీద కప్పుకుని, చేతిలో ఖాళీ సంచులతో. కింద, వచ్చినవారు ఎవరు అన్నచోట గార్డు ఒకే మాట కొట్టాడు. అమ్మ. దాని కింద ఎప్పటి ప్రశ్నే. లోపలికి పంపాలా?

కూతురు చనిపోయిన ఇంటికి తల్లి వస్తే, గార్డు అలవాటుకొద్దీ నంబరు కొట్టాడు. యాప్ తన పద్ధతిలో చనిపోయిన పిల్లనే అడుగుతోంది, మీ అమ్మ వచ్చింది పంపనా అని. ఆ ప్రశ్న వచ్చి మా ముందు పెరుగన్నం పక్కన వెలుగుతోంది.

ఆగిపోయింది. మళ్లీ మోగింది. గార్డు రెండోసారి కొట్టాడు.

"పంపమని నొక్కు," అన్నాను.

"నొక్కలేనండి."

"పోనీ ఊరుకో. వాళ్లే ఎవరినైనా అడుగుతారు."

"ఎండలో నిలబడి ఉన్నారండి," అంది, అని లేచింది. చెయ్యి కూడా కడుక్కోలేదు. నేనూ వెనకాలే పరిగెత్తాను. ఆటోలో దారి పొడుగునా ఫోన్ మోగుతూ ఆగుతూ వచ్చింది. ఆమె దాన్ని అరచేతిలో పెట్టుకుని అలా చూస్తూనే ఉంది. ఒకచోట ఆటోవాడు అద్దంలో ఆమె మొహం చూసి, అద్దాన్ని పక్కకు తిప్పేశాడు.

గేటు దగ్గర గార్డు ఈమెను చూసి ట్యాబ్ వైపు చూశాడు. మళ్లీ ఈమెను చూసి వెనక్కి తగ్గాడు. పెద్దావిడ మాత్రం కదల్లేదు. గార్డు కుర్చీలో కూర్చుని ఉంది. పోలీసులు తాళంచెవి ఇచ్చి బట్టలు తీసుకుపొమ్మన్నారట. ఒక్కతే వచ్చింది. రాయలసీమ మాట.

"టీవీలో మా పాప అని చూపిచ్చింది నిన్నే కదా," అంది. "నేను చూసినా. మా పాప కాదని అరిచినా. ఎవురూ ఇనుకోలా."

ఈ పిల్ల ఆమె ముందు నేల మీద కూర్చుంది. ఏడవలేదు. ఉన్నది ఉన్నట్టు చెప్పింది. పాత ఇల్లు, రెండు గేట్లు, పార్సిల్ అనుకోవడం, అన్నీ. "మీ అమ్మాయి వాణ్ణి పంపమనలేదండి. నేను నొక్కానండి," అని ముగించింది.

పెద్దావిడ గార్డు వైపు తిరిగింది. ఆ కుర్రాడు పాలమూరు వైపువాడు, టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు. "ఆ మేడం ముందే ఫోటో చూపెట్టి చెప్పింది అమ్మా, గీ మనిషి వస్తే నన్నడగకుండ పంపకు అని. అందుకే యాప్ల అడిగిన. ఓకే అని వచ్చింది."

"అయితే మా పాప వద్దనే చెప్పింది."

"వద్దనే చెప్పింది అమ్మా."

ఆమె ఖాళీ సంచులు మడిచి ఒళ్లో పెట్టుకుంది. బండ్లు వస్తున్నాయి, పోతున్నాయి. తర్వాత ఈ పిల్లను అడిగింది. "ఆ పొద్దు ఏం చేస్తాంటివి?"

"మీటింగ్‌లో ఉన్నానండి. చూడలేదండి."

"చూడకుండానే నొక్కితివా."

"అవునండి."

ఆమె ఈ పిల్లను కొడుతుందనుకున్నాను. కొట్టినా ఈ పిల్ల కదిలేది కాదు. ఆమె చెయ్యి ఎత్తింది గాని, తన కొంగు సర్దుకుంది. "మా పాపా అంతే. తింటివా అని నేను ఫోన్ చేస్తే, ఇనకుండానే ఆ తిన్నాలేమా అనేది." క్షమించానని అనలేదు. కాసేపటికి, "ఈ మాట మా ఆయనకు చెప్పాల. ఇల్లు ఇడిసి బయటికి రావటంల్యా. మీ పాపే పిలిచిందంట కదా అని ఊర్లో అడుగుతాండారు," అంది.

ఈ పిల్ల పెద్దావిడ ఫోన్లోనే ఆయనకు మళ్లీ మొత్తం చెప్పింది. ఆయన చివరిదాకా ఫోన్ పెట్టెయ్యలేదు. ఈ పిల్ల ఒళ్లో తన ఫోన్ ఇంకా అడుగుతూనే ఉంది. తల్లి ఆ వెలుగు వైపు చూసి, "ఇప్పుడు చూసి నొక్కమ్మా. పాప బట్టలు తెచ్చుకోవాల," అంది. ఈ పిల్ల ఫోటోలోని మొహాన్నీ ఎదుట ఉన్న మొహాన్నీ చూసి నొక్కింది.

ఆ సాయంత్రమే ముగ్గురం పోలీస్ స్టేషన్‌కు వెళ్లాం. ఈ పిల్ల వాంగ్మూలం ఇచ్చింది. రెండు రోజులకు వార్త వచ్చింది. మూడు చోట్ల వచ్చేదాకా నేను గోళ్లు కొరుక్కుంటూ కూర్చుని, వచ్చిన వెంటనే పెట్టెలో వాక్యం మార్చాను. "హతురాలు ఆ వ్యక్తిని లోపలికి అనుమతించలేదు. తనను అడగకుండా పంపొద్దని ముందే గేటు దగ్గర చెప్పింది. యాప్‌లో పాత అద్దెదారు వివరాలు మార్చకపోవడంతో అనుమతి మరొకరి ఫోన్ నుంచి వెళ్లింది." మూడు వాక్యాలు. పెట్టెకు రెండే అన్నది నియమం, అయినా లీడ్ మూడోదాన్ని కొట్టెయ్యలేదు.

ఈ పిల్ల భయపడ్డట్టు జనం ఆమె మీద పడలేదు. వాళ్లు మంచివాళ్లని కాదు. చదివి, ఎవరి ఫోన్ వాళ్లు ఒకసారి చూసుకుని, పక్కకు జరిగిపోయారు. ఆ వార్తను ఎవరూ పంచుకోలేదు, దాని మీద ఎవరూ వీడియో చెయ్యలేదు. ఇన్నాళ్లు పడుకోని గీత ఆ రోజు మధ్యాహ్నం లేవనే లేదు. ఆమె నా ఎదురుగా కూర్చుని అన్నం తింటోంది. పైన తెర మీద అది నేలకు అంటుకుని ఉంది. ఆ ప్రశాంతత చూసి నాకు అన్నిటికన్నా ఎక్కువ భయం వేసింది.

గీత చచ్చిపోయిన విషయాల పెట్టెలు కొన్నాళ్లకు తీసేస్తారు. అది మా దగ్గర పద్ధతి. నేను రిటైరయ్యే వారంలో లీడ్ అలాంటివన్నీ ఏరి తీసేస్తోంది. అప్పటికి కొద్దిరోజుల ముందే ఈ పిల్లకు పెద్దావిడ ఫోన్ చేసిందట. ఆయన ఇప్పుడు బయటికి వస్తున్నాడట. పొద్దున లేవగానే ఫోన్ తీసి, కూతురి పేరు కొట్టి, ఆ మూడు వాక్యాలు ఉన్నాయో లేదో చూసుకుంటాడట. ఉన్నాయని చూసుకున్నాకే చెప్పులేసుకుని వీధిలోకి వెళతాడట.

ఇది లీడ్‌కు చెప్పాను. పద్ధతి తెలిసినదాన్ని కాబట్టి ఏమీ అడగలేదు, చెప్పి ఊరుకున్నాను. ఆమె ఆ పెట్టె మీద వేలు పెట్టి కాసేపు చూసింది.

"ఒక్కరు చదువుతున్నరు గదా మేడం," అంది. "ఉండనియ్యండి."